ఆ ఉత్తరం హార్బరుది

పదిహేనేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. పెళ్ళయి ఏడేళ్ళయినా మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే పాప నిద్రపోయాక వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని మీకు రాస్తున్నాను. పూర్తి చేస్తానో లేదో తెలియదు. ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నా పేరు చెప్పను. సిగ్గుతో మాత్రమే కాదు. నా పేరు చెబితే ఆమె పేరు కూడా చెప్పినట్టే. మా ఇద్దరిదీ ఒకే పేరు. ఇంటిపేర్లు వేరు, కానీ వాటి మొదటి అక్షరం కూడా ఒకటే. రేపల్లెలో మేం చదివిన ఆడపిల్లల హైస్కూల్లో హాజరు పట్టీలో ఒకరి కింద ఒకరం ఉండేవాళ్ళం. ఈ తికమకంతా ఎందుకని డ్రిల్లు సారు మమ్మల్ని ఊళ్ళ పేర్లతో పిలిచేవారు. నాది పెనుమూడి. ఆమెది నిజాంపట్నం హార్బరు పక్కన పల్లె. "ఏయ్ పెనుమూడీ, మోకాళ్ళు లేపు! హార్బరూ, నువ్వు ముందా నవ్వు ఆపు!" అని గ్రౌండంతా వినబడేలా అరిచేవారు. మేమూ ఒకరినొకరం అలాగే పిలుచుకునేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ తప్పంతా ఆ ఒక్క పేరులోంచి వచ్చిందని చాలాకాలం అనుకున్నాను. కాదు. నాలోంచి వచ్చింది. పేరు దారి ఇచ్చింది, అంతే.

హార్బరు ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేది. నేను నాలుగు వందలు. నేను పరిగెత్తుతున్నంతసేపూ ఇంకా ఎంత దూరముందో చూసుకునేదాన్ని. ఆమె అలా కాదు. మొదటి చుట్టంతా ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు వెనక వెనకే ఉండేది. ఆఖరి మలుపు దగ్గర ఒక్కసారిగా పక్కకు వచ్చి అందరినీ దాటేసేది. దాటాక నవ్వేది. ఆ నవ్వు వల్లే సారు తిట్టేవారు, ఊపిరి దండగ అని. మా ఇద్దరికీ కలిపి ఆయన అడుగున మేకులుండే స్పైక్స్ బూట్లు ఒక జత తెచ్చిపెట్టారు. ఇద్దరి పాదాలూ ఒకే సైజు. పందేలు వేరు గనక ఒకే జత సరిపోయేది.

పదో తరగతి చివర్లో బాపట్లలో సెలక్షన్లు జరిగాయి. ఎంపికైతే వేరే జిల్లాలో ఉన్న క్రీడా హాస్టల్లో రెండేళ్ళ ఇంటర్ చదువు, శిక్షణ, తిండి, బట్టలు అన్నీ వాళ్ళే చూస్తారు. ఆ రోజు హార్బరు తన పందెంలో మొదట వచ్చింది. నేను నా పందెంలో ఐదోదాన్ని. తిరుగు రైల్లో సారు ఇద్దరికీ సమానంగా సమోసాలు కొనిపెట్టారు. కానీ ఆయన మాటలన్నీ ఆమెతోనే.

పరీక్షలయ్యాయి. హార్బరు ఉండే సంక్షేమ హాస్టల్ సెలవులకు మూసేశారు, ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. సారుకు బదిలీ అయింది. నేను మాత్రం రోజూ పొద్దున్నే సైకిల్ మీద స్కూలు గ్రౌండుకు వచ్చి పరిగెత్తి పోయేదాన్ని. ఒకరోజు స్కూలు ఆయమ్మ ఆఫీసుకు వచ్చిన ఒక కవరు పట్టుకుని వచ్చింది. "నీ పేరే ఉందమ్మా, నీదేగా?" అంది.

లోపల టైపు కొట్టిన ఉత్తరం. ఇంటిపేరు మొదటి అక్షరం, ఒక చుక్క, మా పేరు. మీరు ఎంపికయ్యారు, ఫలానా తేదీలోపు మార్కుల జాబితాతో వచ్చి చేరండి అని రాసి ఉంది. దాని కింద, అంశం: 800 మీటర్లు.

ఆ చివరి వరుస నేను చూడలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. మొదటిసారే చూశాను. నాలుగు కొట్టబోయి ఎనిమిది కొట్టారేమో అని ఇంటికి వెళ్ళేదాకా అనుకుంటూ సైకిల్ తొక్కాను. నిజంగా నమ్మానా? నమ్మితే ఆ కాగితాన్ని నాన్నకు చూపించేటప్పుడు ఆ వరుస మీద బొటనవేలు ఎందుకు పెట్టాను?

అవసరం కొద్దీ తీసుకోనూ లేదు. ఇది రాయడమే కష్టంగా ఉంది. అవసరమై తీసుకున్నానంటే మీరు కాస్త జాలిపడేవారు. నాన్న నన్ను ఎలాగూ రేపల్లెలోనే ఇంటర్‌లో చేర్పిస్తానన్నారు. ఆమెకు మాత్రం పది తర్వాత ఉండడానికి హాస్టలే లేదు. ఆ ఉత్తరం ఒక్కటే ఆమెకు దారి. నాకేముంది? ఐదో స్థానం వచ్చిన పిల్లను ఒక్కసారైనా ఎవరైనా పిలిస్తే బాగుండునన్న ఆశ. ఆ ఆశ అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగు రోజుల తర్వాత హార్బరు తన ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి రేపల్లె వచ్చింది. బస్టాండులో కలిశాను. వాళ్ళ ఊరి బస్సు వచ్చేదాకా సిమెంటు బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆ మాటలు ఒక్కటీ మరచిపోలేదు.

"ఏమే పెనుమూడీ, బాపట్ల నించి కబురేమన్నా వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరికే?"

"నా పేరు మీద."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. ఆమె పకపకా నవ్వింది.

"నీ పేరంటే నా పేరేగా, మొద్దుమొహమా! నీదో నాదో ఎట్టా తెలిసిందంట?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆమె తలుపు తీసి పట్టుకుని నిలబడినట్టే అడిగింది. నేను బస్సు బోర్డుల వైపు చూస్తూ అన్నాను.

"ఇంటిపేరు పూర్తిగా రాశారే. మాదే."

అదీ నా అబద్ధం.

ఆమె నవ్వు ఆగింది. "ఒకటే వచ్చిందా?" అంది. ఒకటే అన్నాను. ఉత్తరం చూపించమని అడగలేదు. ఆమె అడిగే మనిషి కాదని నాకు తెలుసు. ఆ నమ్మకం మీదే ఆ అబద్ధం ఆడాను. ట్రంకుపెట్టె తెరిచి, లంగాల కింద నుంచి బూట్లు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇయ్యి నువ్వే పట్టుకుపో. నీకక్కడ కావాలి. ఇసకలో నాకెందుకియ్యి? పోన్లేవే, మనిద్దర్లో ఒకరికొచ్చిందిగా."

తీసుకున్నాను. వద్దని మాటవరసకు కూడా అనలేదు.

హాస్టల్లో చేరాను. మార్కుల జాబితాలో నా పేరే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి వారం పరిగెత్తించి, అక్కడి కోచ్ మేడం చేతిలో స్టాప్‌వాచ్ వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. "సెలక్షన్లో చూసిన పిల్లవి నువ్వేనా? ఆఖరి మలుపులో గాలిలా వచ్చావే ఆ రోజు. ఆ పరుగేమైంది?" అంది. జ్వరం వచ్చి తగ్గిందండి అన్నాను. ఆ జ్వరం రెండేళ్ళు తగ్గలేదు. నాది కాని పందెం రెండేళ్ళు పరిగెత్తాను. కడుపులో నొప్పి, నోట్లో తుప్పు రుచి. శిక్ష అనుకుని ఓర్చుకున్నానని చెబితే బాగుంటుంది గానీ అదీ నిజం కాదు. పంపించేస్తారేమోనన్న భయంతో ఓర్చుకున్నాను. ఆ సర్టిఫికెట్లతోనే బాపట్లలో డిగ్రీ సీటు వచ్చింది. తర్వాత వ్యాయామ విద్య చదివాను. ఇప్పుడు తెనాలిలో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. నా జీవితమంతా ఆ కవరులోంచే వచ్చింది. మా ఆయన్ని కలిసింది కూడా ఆ డిగ్రీ కాలేజీలోనే. అంటే నా పాప కూడా. ఇలా ఆలోచించడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

నా దగ్గర ఆడే పిల్లలు పది పాసయ్యే నాటికి మూడు విషయాలు తెలిసి ఉండాలని నేను పట్టుబడతాను. సెలక్షనుకు ఎలా సిద్ధమవ్వాలో తెలియాలి. కాకపోతే ఎలా తట్టుకోవాలో తెలియాలి. ఆట ఆగిపోయాక కూడా బతుకు ఎలా నడుస్తుందో తెలియాలి. ఫారాల మీద ఇంటిపేరు పూర్తిగా రాయిస్తాను, తండ్రి పేరు, అంశం, నెంబరు అన్నీ నేనే సరిచూస్తాను, ఫలితం వస్తే ఇంటికి నేనే ఫోను చేసి ఆ పిల్లతోనే మాట్లాడతాను. "మీకు చాదస్తం ఎక్కువండీ" అంటారు తోటి టీచర్లు. అవునండీ అంటాను.

హార్బరుతో స్నేహం తెగిపోలేదు. తెగిపోతే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. పండగకీ పబ్బానికీ ఫోను చేసేది. నేను హాస్టల్లో చేరిన ఏడాదే ఆమె ఎండు చేపల పనిలోకి వెళ్ళింది, పద్దెనిమిదో ఏట తల్లయింది. భర్త బోటు మీద వేటకు పోతాడు. ఇప్పుడు నిజాంపట్నం రేవు దగ్గర సొంతంగా చేపలూ రొయ్యలూ ఎండబెట్టిస్తుంది, నలుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర పని చేస్తారు. ఆమె బాగానే ఉంది కదా, మరి నాకెందుకీ బాధ అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని.

ఈ మధ్య రెండు జరిగాయి. మొదటిది చిన్నది. మా పాపకు నాలుగున్నరేళ్ళు. స్కూల్లో నిమ్మకాయ చెంచా పందెంలో గెలిచి ప్లాస్టిక్ డబ్బా బహుమతి తెచ్చుకుంది. ఇంటికొచ్చి నా చెవిలో, "అమ్మా, నిమ్మకాయ పడిపోకుండా వేలితో పట్టుకున్నా. ఎవ్వరూ చూళ్ళేదు," అంది. మురిసిపోతూ చెప్పింది. తప్పమ్మా అనాలి. ఏ తల్లయినా అంటుంది. నేను మాత్రం బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

రెండోది పెద్దది. మా స్కూల్లో పదో తరగతి పిల్ల ఒకతె సెలక్షన్లో ఎంపిక కాక పదిరోజులు గ్రౌండుకు రాలేదు, అన్నం కూడా సరిగా తినడం లేదని వాళ్ళమ్మ వచ్చి ఏడ్చింది. నేను ఆ పిల్లను కూర్చోబెట్టి, ఎంపిక కాకపోయినా నిలబడి బతికిన నా స్నేహితురాలొకతె ఉందని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఆ నోటితోనే ఎలా చెప్పాను? ఆ పిల్ల ముక్కు చీదుకుంటూ, "నిజంగా ఉంటే తీసుకురండి మేడం," అంది. ఆ మాట హెడ్‌మిస్ట్రెస్‌గారి దాకా వెళ్ళింది. తీసుకురావాల్సి వచ్చింది.

హార్బరు మొదటి బస్సుకు రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి తెనాలి వచ్చింది. చేతిలో నాకోసం ఎండు రొయ్యల సంచి. స్టాఫ్‌రూమంతా వాసన కొట్టి, సంస్కృతం మాస్టారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. "భయపడకండి పంతులుగారూ, అవి చచ్చిపోయినయ్యే," అంది ఆమె. ఆయన కూడా నవ్వారు.

ఆడే పిల్లలందరినీ కూర్చోబెట్టాం. ఆమె మైకు వద్దంది. "మీ మేడం నా ఎనకాల పరిగెత్తేది, అడగండి కావాలంటే!" అని మొదలుపెట్టింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఉత్తరం దీనికొచ్చింది, నాకు రాలా. ఏడాది పాటు నాలో తప్పెక్కడుందా అని ఎతుక్కున్నానమ్మా. మడమ సరిగ్గా పడటంలేదేమో అనుకున్నా. చేతులు ఊపటం బాలేదేమో అనుకున్నా. నేను నవ్వుతా పరిగెత్తానని వాళ్ళకి కోపమొచ్చిందేమో అనుకున్నా. నా దగ్గర చేపల వాసనొచ్చిందేమో అని కూడా అనుకున్నా. ఏదీ దొరకలా. తర్వాత ఎతకటం మానేసి పనిలో పడ్డా. ఇదిగో, ఇట్టా ఉన్నా. బానే ఉన్నాగా?"

అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ పదో తరగతి పిల్ల లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. నేను పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను.

సీటు ఒక్కటే తీసుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. ఆమెలో లేని లోటును ఆమె చేత ఏడాది పాటు వెతికించాను. తర్వాత ఆమె ఇంకే పందేనికీ పోలేదట. నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

స్టేషనుకు దింపడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ పాప సంగతి అడిగాను. ఎనిమిదో తరగతి. బాగా పరిగెత్తుతుందట. వాళ్ళ సారు బాపట్ల సెలక్షనుకు ఫారం ఇచ్చారట. వచ్చే బుధవారం ఆఖరు తేదీ.

"నేను పంపనన్నా," అంది.

"ఎందుకే?"

"అచ్చిరాదే మనకి. దాని కాళ్ళు అచ్చం నావే. నాకు చాలనియ్యి దానికేం చాల్తాయి? అది కూడా ఏడాదంతా ఎతుక్కోవాలా?"

రైలు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. చెప్పడానికి నాకు ప్లాట్‌ఫారం మీద ఇరవై నిమిషాలున్నాయి. చెప్పలేదు. ఈ రోజు గురువారం. ఆ పిల్ల కాళ్ళు చాలవని వాళ్ళమ్మ నమ్ముతోంది. ఆ నమ్మకం నేను పెట్టింది. తీయగలిగింది నేనొక్కదాన్నే. చెబితే? స్కూల్లో తెలిస్తే? మా ఆయన ఏమంటారు? పాప పెద్దయ్యాక ఎవరైనా చెబితే? ఈ ప్రశ్నలన్నీ నా గురించేనని ఇప్పుడే, ఈ వాక్యం రాస్తూ గమనించాను.

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. ఆదివారం వెళ్ళాను. మళ్ళీ వారంరోజులు కాగితం ముట్టుకోలేదు. ఇప్పుడు మిగిలింది రాస్తున్నాను.

నిజాంపట్నంలో ఆమె ఎండబెట్టే దిబ్బ మీద ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని చేపలు తిరగేస్తోంది. "ఏంటే, చెప్పకుండా ఊడిపడ్డావ్? అన్నం తిన్నావా?" అంది. తింటే చెప్పలేనని తెలుసు. పక్కన ఎవరూ లేకుండా చూసి, రైల్లో బస్సులో వల్లె వేసుకున్న మాట చెప్పాను. ఆ ఉత్తరం నీదే. ఇంటిపేరు పూర్తిగా లేదు. నేను అబద్ధం చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు చేపలు తిరగేసింది.

"నీదో నాదో తెలీక చేశావా?"

"తెలిసే. అందులో ఎనిమిది వందలని రాసుంది."

అప్పుడు ఆగింది. గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఎనిమిదొందలనా?"

"అవును."

"అయితే నా పరుగు వాళ్ళకి నచ్చిందా?"

"నచ్చింది. ఆఖరి మలుపులో గాలిలా వచ్చావంది అక్కడి మేడం."

"నీతో ఎప్పుడందే?"

"చేరిన వారం. నన్ను చూసి నువ్వనుకుంది."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. చాలాసేపు చేతులకంటిన పొలుసులు గోకుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. తలెత్తకుండానే అంది:

"సీటంటే ఆశపడ్డావు. చిన్నపిల్లవి, పోనీ. ఆ మేడం అన్న మాటన్నా నాకు పంపాల్సిందే. నీకెందుకది? పదిహేనేళ్ళు దగ్గరెట్టుకున్నావు."

సీటు గురించి అడిగితే చెప్పడానికి ఏవేవో సిద్ధం చేసుకున్నాను. ఈ మాట గురించి నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడొద్దు. నీకు బస్సుంది, పో."

వాళ్ళ పాప ఫారం సంగతి అడిగాను. "అది నా సంగతి," అని లేచి, నాకు వీపు పెట్టి చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

గురువారం నాడు, సెలక్షనుకు ఫారాలు ఇచ్చిన పిల్లల జాబితా మా ఉపాధ్యాయుల ఫోన్లకు వచ్చింది. వేలితో మెల్లగా కిందికి జరుపుతూ చూశాను. ఎనిమిది వందల మీటర్ల కింద హార్బరు కూతురి పేరు ఉంది. స్కూలు బెల్లు మోగేదాకా అదే చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం హార్బరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. నిన్న చేశాను. ఎత్తలేదు. ఇక చెయ్యను. ఎప్పుడు ఎత్తాలో, అసలు ఎత్తాలో వద్దో ఆమె ఇష్టం.

సెలక్షన్ల రోజు నా పిల్లల్ని తీసుకుని నేనూ బాపట్ల గ్రౌండులో ఉండాలి. ఆమె తన కూతుర్ని తీసుకుని వస్తుంది. నన్ను చూస్తుంది. పలకరించకపోవచ్చు. మా స్కూలు పిల్లలు ఆమెను గుర్తుపట్టి పరిగెత్తుకెళతారు, మేడం రండి అని నన్నూ లాగుతారు. అప్పుడు ఏం చెయ్యాలో తెలియదు. వెళ్ళకుండా మాత్రం ఉండను.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఆ మనిషి ఇప్పుడొద్దంది. మీరు చదివారు, అంతే చాలు. ఇంతకాలం ఈ మాట లోపలే తిరుగుతూ ఉండేది, పాపకు అన్నం తినిపిస్తున్నా, పిల్లలకు విజిల్ వేస్తున్నా. ఇప్పుడు కాగితం మీద ఉంది. చింపలేదు. నాకు కాస్త ఊపిరి అందుతోంది.